కాజాలాయన మాట

యూనిఫారాలు కుట్టే ఆ షెడ్డులో కాజాలు తీసే పని ఒక్కాయనదే. కాజా వదులైతే గుండీ జారిపోతుంది, బిగుతైతే తొడుక్కునేవాడి ఓపిక జారిపోతుంది. ఆ రెంటికీ మధ్యన సరిగ్గా కోసి, అంచు కుట్టి, చొక్కా మడిచి పక్కన పెట్టేవాడు. అందరూ ఆయన్ని కాజాలాయన అనేవారు. పనికి వంక పెట్టడానికి లేదు. మాటలో మాత్రం కాస్త నత్తి. కొన్ని అక్షరాలు నోటి గడప దాకా వచ్చి, బయటికి రావాలా వద్దా అని తటపటాయించేవి.

సరిగ్గా ఆ సందులోనే కటింగ్ మాస్టారు దూరేవాడు. మెడలో టేపు, చేతిలో మూరెడు కత్తెర, పెదవి మీద ఎప్పుడూ సిద్ధంగా ఒక ఎగతాళి. "నత్తిలో గుడి తీసేస్తే ఏమవుతుంది?" అని ఒకనాడు అందర్నీ అడిగి, ఎవరూ చెప్పకముందే "నత్త" అని తనే చెప్పాడు. ఆ పేరు స్థిరపడిపోయింది.

కాజాలాయనకి తెల్లదారం కావలసి వస్తుంది. "తె... తె..." అంటాడు.

"తెల్లారిందా నత్తా? తెలివొచ్చిందా? తెర దించమంటావా?" అంటాడు మాస్టారు.

మిషన్లు ఆగుతాయి. షెడ్డంతా నవ్వుతుంది. ఆ నవ్వులన్నీ అయ్యాక గానీ దారం ఉండ చేతికందదు. కాజాలాయన కూడా నవ్వేవాడు. నవ్వకపోతే ఉడుక్కున్నాడంటారని మొదట్లో నవ్వాడు. రానురాను అలవాటైపోయి, మాస్టారు నోరు తెరవకముందే బయానా ఇచ్చినట్టు ముందే నవ్వేసేవాడు.

ఒకరోజు కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చాడు. భార్య అది పట్టుకుని షెడ్డుకి వచ్చింది. ఆమె గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఆయన పక్కవాళ్ళకి అద్దాలు మర్చిపోయిన సంగతే చెబుతున్నాడు.

"అ... అ... అద్..."

"అత్తగారా? అరటిపండా? అబ్బో, అద్భుతమా?" అన్నాడు మాస్టారు, ఆయన మెడ బిగించినట్టే తన మెడా బిగించి చూపిస్తూ.

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా ఆమె మొగుడే నవ్వాడు. ఆమె కళ్ళజోడు బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆయన కాళ్ళు కడుక్కుని కూర్చునేదాకా ఆగి అడిగింది. "ఆ మాస్టారు నవ్వాడు, సరే. జనం నవ్వారు, వాళ్ళకేం పోయింది. మీరెందుకు నవ్వారండీ?"

ఆయన తువ్వాలు మడిచి పక్కన పెట్టాడు.

"నవ్వకపోతే ఏ... ఏడవాల్సొస్తుందని," అన్నాడు.

ఆమె లేచి ఆ తువ్వాలు తీసి మెడలో టేపులా వేసుకుంది. గరిటె కత్తెరలా పట్టుకుంది. "ఊఁ, నేను మాస్టార్ని. నాతో చెప్పండి, ఎలా చెప్తారో చూస్తాను."

"మా... మాస్టారూ..."

"మాసికలేయాలా నత్తా?" అంది ఆమె.

ఎంత బాగా అందంటే, ఆయనకి నిజంగానే కోపమొచ్చి అన్నం తినకుండా లేచిపోబోయాడు. మంచం మీద కూర్చున్న అత్తగారు ఆపింది. ఆవిడకి చెవుడు. "అల్లుడుగారూ, అమ్మాయి మాట వినపడింది. మీదే నాకు వినపడలేదండీ. ఇంకోసారి చెబుదురూ."

అలా ఓ వారం సాగింది ఆ తాలీము. అత్తగారి చెవికెక్కేదాకా వదిలిపెట్టేవారు కాదు. ఆయన నాలుగు వాక్యాల ప్రసంగం ఒకటి తయారుచేసుకున్నాడు. అందులో ఆత్మగౌరవం అనే మాట ఉండి తీరాలని అత్తగారు పట్టుబట్టింది. అల్లుడికి అ, ఆలతో ఎంత పేచీయో ఆవిడ పట్టించుకోలేదు.

తీరా సమయం వచ్చేసరికి ఆ ప్రసంగంలో ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు.

భోజనాల వేళ. మిషన్లు ఆపి అందరూ డబ్బాలు విప్పబోతున్నారు. కాజాలాయన నీళ్ళ కుండ దగ్గర గ్లాసు అడిగాడు, మాస్టారు మామూలుగానే ఆ మాట అందుకుని వెక్కిరించాడు, షెడ్డు మామూలుగానే నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. రోజూ కలిసే గొంతు ఒకటి తగ్గేసరికి మిగతా నవ్వులు కూడా కాస్త బోసిపోయాయి.

"మాస్టారూ," అన్నాడు. "నా మా... మా..."

"మామగారా?"

కాజాలాయన ఆగాడు. ఊపిరి పీల్చుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. "మాస్టారూ. నా మా..."

"మాసికలా? మాయలా?"

ఒకరిద్దరే నవ్వారు. ఆయన మళ్ళీ మొదటికొచ్చాడు. "మాస్టారూ. మీరు అడ్డొస్తే మ... మళ్ళీ మొదట్నించీ చెప్తాను. నాకు తొ... తొందరేం లేదు."

ఆయనకి తొందర లేదుగానీ, షెడ్డులో అందరికీ ఆకలేస్తోంది. ఆయన చెబుతుంటే మధ్యలో డబ్బా మూత తీయడానికి ఎవరికీ చెయ్యి రావడం లేదు. మాస్టారు మరోసారి నోరు తెరవబోయాడు. ఇస్త్రీ బల్ల దగ్గరి పెద్దావిడ విసుక్కుంది.

"చెప్పనివ్వవయ్యా బాబూ. నీ హాస్యానికి మా అన్నాలు చల్లారిపోతున్నాయి."

మాస్టారి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. కాజాలాయన నిదానంగా, తడబడుతూ, చివరిదాకా చెప్పాడు. "నా మా... మాట నేనే పూర్తి చేసుకుంటాను. నన్ను నత్త అని పిలవొద్దు. నాకు బా... బాధగా ఉంటుంది."

"సరదాకి అన్నానయ్యా. ఇన్నాళ్ళూ నువ్వూ నవ్వావుగా," అన్నాడు మాస్టారు.

"నవ్వాను. అ... అది నా తప్పే. ఇకమీదట నవ్వను."

ఇస్త్రీ ఆవిడ గ్లాసు కడిగి, నీళ్ళు నింపి, తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన తాగుతుంటే సగం నీళ్ళు చొక్కామీదే పడ్డాయి.

మాస్టారు కొన్నాళ్ళు మూతి ముడుచుకు తిరిగాడు. క్షమించమని అడగలేదు, అడిగే రకం కాదు. కానీ ఆ పేరు మళ్ళీ ఎత్తలేదు. కాజాలాయన నోట్లో అక్షరం తటపటాయిస్తే, కత్తెర పక్కన పెట్టి అది బయటికొచ్చేదాకా కాచుకుని ఉండడం నేర్చుకున్నాడు. ఆ నేర్చుకోవడం మాస్టారికి చాలా కష్టమైందని మొహం చూస్తేనే తెలిసేది.

షెడ్డుకి మాత్రం ఓ కొత్త చిక్కు వచ్చిపడింది. కాజాలాయన మాటకారి అని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఇప్పుడు భోజనాల దగ్గర చిన్నప్పటి తన మేకపిల్ల సంగతి ఎత్తుకున్నాడంటే, అది ఏ గోడ దూకింది, ఎవరి పంచె నమిలింది, ఏదీ వదలకుండా చెబుతాడు. మేకపిల్ల ఇంకా మొదటి గోడ దగ్గరే ఉండగా భోజనాలు అయిపోతాయి. అందరూ గడియారం వంక చూస్తారు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మధ్యలో ఆపే ధైర్యం ఒక్కరికీ లేదు.