పెద్దాయన వచ్చేశాడు

ఆదివారం మధ్యాహ్నం రెండు కాగానే కళ్ళజోళ్ళ షాపు షట్టరు సగం దించి, వెనక గదిలో అద్దాలు అరగదీసే మిషను మీద గుడ్డ కప్పి, బల్ల మీద పటం పరిచేవాడు మేస్త్రి. ఆ పటంలోని రాజ్యం ఆయన సొంతం. నదులు, కొండలు, ఏడు పట్టణాలు, ఎండిపోయిన ఒక సముద్రం. పదకొండేళ్ళుగా గీస్తూనే ఉన్నాడు. వారమంతా జనం చూపు సరిచేసే మనిషి, ఆ ఒక్క పూట మాత్రం ఎక్కడా లేనిదాన్ని ముగ్గురికి చూపించాలని కూర్చునేవాడు.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర పట్టుకుంటారు. "గుహలో ఏదో గురక పెడుతోంది, ఏం చేస్తారు?" అని కథ నడిపేవాడు అడిగితే, వాళ్ళు ఏం చేసేదీ చెప్తారు. కష్టమైన పనైతే ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పెద్ద అంకె పడితే పని అయినట్టు, చిన్నది పడితే కొంప మునిగినట్టు. అంతకు మించి ఏమీ లేదు. ఒక బల్ల, నాలుగు కాగితాలు, వయసొచ్చిన మనుషులు చిన్నపిల్లల మొహాలు పెట్టుకుని కూర్చోవడం.

ఆడేవాళ్ళు ముగ్గురు. మేస్త్రి బావమరిది సిటీ బస్సు డ్రైవరు. వారమంతా బ్రేకు మీద కాలు పెట్టుకుని బతికేవాడు కాబట్టి ఆటలో కత్తి దూసుకుని ముందుకు ఉరికే వీరుడు. డ్రాయింగ్ మాస్టారు బడిలో చీమకైనా దారిచ్చే మనిషి, ఆటలో పచ్చి దొంగ. మూడోది మేస్త్రి చెల్లెలు. రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఆటలో ఆమె పడవ నడిపే మనిషి. కత్తి లేదు, మంత్రం లేదు, చేతిలో ఒక గెడకర్ర, నీళ్ళ సంగతి తెలిసిన బుర్ర. అందరూ పడవమ్మ అనేవారు.

ఇక పెద్దాయన సంగతి.

పడుచువాడుగా ఉన్నప్పుడు మేస్త్రి వేరెవరో నడిపే ఆటలో మాంత్రికుడు. తొమ్మిదేళ్ళు ఆడాడు. ఆ మాంత్రికుడు చెయ్యెత్తితే మెరుపు, కర్ర దించితే భూకంపం అనే స్థాయికి చేరాక, ఆడేవాళ్ళు పెళ్ళిళ్ళనీ ఉద్యోగాలనీ తలో దిక్కూ పోయారు, ఆట ఆగిపోయింది. కానీ తొమ్మిదేళ్ళు తన లోపల నడిచిన మనిషిని ఎలా వదులుకుంటాడు? తన రాజ్యంలో ఉత్తరపు కొండ మీద ఇల్లొకటి గీసి అందులో కూర్చోబెట్టాడు. అంతవరకూ తప్పేమీ లేదు. కొండ దింపడం దగ్గరే వచ్చింది గొడవంతా.

మొదటిసారి బావమరిది వీరుడు ఒక రాక్షసి నోట్లో సగం దూరిపోయినప్పుడు దింపాడు. రెండోసారి దొంగ మాస్టారు ఉరికంబం ఎక్కినప్పుడు. ఆ తరవాత లెక్క లేదు. శత్రువు కోట ముట్టడిస్తే పెద్దాయన, రాజుగారికి జబ్బు చేస్తే పెద్దాయన, చివరికి పొడుపుకథ అడిగే రాతి బొమ్మకి జవాబు చెప్పింది కూడా పెద్దాయనే. ముగ్గురూ గంటసేపు జుట్టు పీక్కుని, ఇంకో నిమిషంలో విప్పేవాళ్ళే. మేస్త్రి ఆ నిమిషం ఆగలేకపోయాడు.

"భయపడకండి, నేనున్నాగా" అనేవాడు పెద్దాయన, మేస్త్రి గొంతుతో. ఆ మాట మేస్త్రిది కూడా. అమ్మా నాన్నా పోయేనాటికి చెల్లెలికి పన్నెండేళ్ళు, ఆయనకి ఇరవై మూడు. అప్పట్నుంచి ఆమెని కళ్ళల్లో పెట్టుకుని పెంచాడు. కాలేజీలో ఏ కోర్సు చదవాలో ఆయనే రాసిచ్చాడు. ల్యాబులో ఎవరో కసిరారని తెలిస్తే ఆమె అడక్కుండానే వెళ్ళి యజమానితో తగువు పెట్టుకొచ్చాడు. మర్నాడు అక్కడ ఆమె తలెత్తుకోలేకపోయిందన్న సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాడు కాదనుకోండి.

పోనుపోను బల్ల దగ్గర ఒక హాస్యం పుట్టింది. కథలో ప్రమాదం వాసన తగలగానే బావమరిది పెన్సిలు కింద పెట్టి, వాచీ చూసుకుని, "ఇంకో రెండు నిమిషాల్లో పెద్దాయన బండి వచ్చేస్తుంది" అనేవాడు. మాస్టారు కిసుక్కున నవ్వేవారు. మేస్త్రి కూడా నవ్వేవాడు. తన పాత్రంటే వీళ్ళకి ఎంత ఇష్టమో అని లోలోపల పొంగిపోయేవాడు. మెచ్చుకోలుకీ దెప్పిపొడుపుకీ తేడా తెలియకుండా ఆ మనిషికి నాలుగేళ్ళు గడిచిపోయాయి.

చెల్లెలు మాత్రం ఆ హాస్యానికి ఎప్పుడూ నవ్వలేదు. తన కాగితం మీద ఏదో రాసుకుంటూ ఉండేది.

ఒక గురువారం ఆమె భోజనం వేళలో షాపుకి వచ్చింది. మేస్త్రి ఎవరి ఫ్రేముకో మరలు బిగిస్తున్నాడు.

"అన్నయ్యా, నాకు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. పెద్ద ల్యాబు. నన్నే ఇన్‌చార్జిగా ఉండమన్నారు. సోమవారం వెళ్తున్నా."

"ఎప్పుడు అప్లై చేశావు? నాకు చెప్తే ఆ కాగితాలేవో చూసేవాణ్ణిగా."

"అందుకే చెప్పలేదు" అంది, నెమ్మదిగానే. ఆయన మొహం చిన్నబోవడం చూసి మాట మార్చింది. "ఒకటడుగుతాను, కాదనకు. ఈ ఆదివారమే నా ఆఖరి ఆట. పడవమ్మ తూములో ఉండిపోతుంది."

అప్పటికి కథ మూడు నెలలుగా ఒక వరద చుట్టూ తిరుగుతోంది. ఎగువన ఆనకట్ట తెగబోతోంది, దిగువన పట్టణం నిండా జనం. పాత తూము తలుపు ఎత్తితే నీళ్ళు ఎండిన సముద్రంలోకి మళ్ళిపోతాయి. కానీ తలుపు ఎత్తే చక్రం తూము లోపల ఉంది. ఎవరో ఒకరు దాన్ని పట్టుకుని నిలబడాలి. వదిలితే తలుపు పడిపోతుంది, వదలకపోతే పట్టుకున్న మనిషి మునిగిపోవడమే.

"ఉండిపోవడమంటే?" అన్నాడు తెలిసి కూడా.

"పోతుంది. అది నేనే ఆలోచించుకున్నాను. ఆఖరి మాటలు కూడా రాసుకున్నాను. ఆరేళ్ళు ఆడానన్నయ్యా, పడవమ్మ ఒక్క పని కూడా సొంతంగా పూర్తి చెయ్యలేదు. ఇదొక్కటి చెయ్యనివ్వు. పెద్దాయన్ని కొండ మీదే ఉంచు."

"అంతేనా? సరేనమ్మా, ఉంచుతాను" అన్నాడు మేస్త్రి. నిజంగానే అన్నాడు. ఆ క్షణంలో ఆయన మనసులో ఏ కపటమూ లేదు.

ఆదివారం అందరూ ముందే వచ్చారు. మాస్టారు చంకలో ఒక అట్ట చుట్ట పెట్టుకొచ్చి, ఆట అయ్యాక చూపిస్తానని మూల నిలబెట్టారు. ఆట మంచి ఊపు మీద నడిచింది. బావమరిది వీరుడు జనాన్ని గట్టెక్కించాడు, దొంగ మాస్టారు తూము తాళం తీసిపెట్టారు. ఆ రోజు ఎవరూ వాచీ చూసుకోలేదు. పడవమ్మ లోపలికి దిగి చక్రం పట్టుకుంది. చెల్లెలు పాచిక వేసింది. పద్దెనిమిది.

"తలుపు లేచింది" అన్నాడు మేస్త్రి. "నీళ్ళు మళ్ళుతున్నాయి. నీ మోకాళ్ళ దాకా వచ్చాయి."

"పట్టుకునే ఉన్నాను."

"నడుం దాకా."

"పట్టుకునే ఉన్నాను."

బావమరిది కుర్చీ అంచుకి జరిగాడు. మాస్టారు ఊపిరి బిగపట్టారు. చెల్లెలు చేతి సంచిలోంచి మడిచిన కాగితం తీసి బల్ల మీద పెట్టి, అరచేత్తో మడతలు సాపు చేసింది. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. ఆ బల్ల దగ్గర అవి ఎన్నడూ అలా మెరవలేదు. మేస్త్రి చూసి ఉంటే అర్థమయ్యేది. ఆయన చూసింది కళ్ళని కాదు, నీటిమట్టాన్ని.

"గొంతు దాకా" అన్నాడు. రేపటికి ఈ పిల్ల ఈ ఊళ్ళో ఉండదు. ఇవాళ తన నోటితోనే ఆమెని ముంచెయ్యాలి. చెల్లెలు కాగితం చేతిలోకి తీసుకుని నోరు తెరిచింది.

"అప్పుడు" అన్నాడు మేస్త్రి, ఆమె కన్నా ముందు, "తూము నిండా నీలం వెలుగు."

చెల్లెలు తెరిచిన నోరు మూసుకుంది.

"వచ్చేశాడండీ" అన్నాడు బావమరిది, తలెత్తకుండా. ఈసారి మాస్టారు నవ్వలేదు.

ఇక ఆగితే బాగుండదని మేస్త్రి చెప్పుకుంటూ పోయాడు. పెద్దాయన కర్ర తాటించాడు, నీళ్ళు గోడలా నిలబడిపోయాయి, తలుపు తనంతట తనే నిలబడింది, పడవమ్మని చెయ్యి పట్టి ఒడ్డుకి తెచ్చాడు. చాలా బాగా చెప్పాడు. అంత బాగా ఎన్నడూ చెప్పలేదు. ఎవరూ వినలేదు.

చెల్లెలు కాగితాన్ని పాత మడతల్లోనే మడిచి సంచిలో పెట్టుకుంది.

"ప్రాణం మిగిల్చాడుగా" అన్నాడు మేస్త్రి, బతిమాలుతున్నట్టు.

"మిగిల్చాడన్నయ్యా. అదొక్కటే మిగిల్చాడు."

కోపంగా అని ఉంటే బాగుండేది. సర్దిచెప్పుకునేవాడు. ఆమె అలా కూడా అనలేదు. లేచి, ఇంటి నుంచి వదిన తెచ్చిచ్చిన టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, అందరికీ చెప్పి వెళ్ళింది. సోమవారం బస్టాండులో నవ్వుతూనే చెయ్యి ఊపింది. బస్సు కదిలాక మేస్త్రి భార్య ఉండబట్టలేక, "చచ్చిపోతానని సరదా పడింది, చావనివ్వలేకపోయారా?" అంది. వినడానికి ఎంత విడ్డూరంగా ఉన్నా అందులో తప్పు పట్టడానికి ఆయనకేమీ దొరకలేదు.

తరవాతి ఆదివారం ముగ్గురే కూర్చున్నారు. మేస్త్రి మనసులో ఒక నిర్ణయం ఉంది, ఇంక పెద్దాయన రాడు. ఆ మాట వాళ్ళకి చెప్పకుండానే కథ మొదలుపెట్టాడు. అడవిలో దొంగలు చుట్టుముట్టారు, నాలుగు వైపులా బాణాలు.

"ఏం చేస్తారు?"

బావమరిది పెన్సిలు కింద పెట్టాడు. మాస్టారు కిటికీలోంచి రోడ్డు చూస్తున్నారు. నిమిషం గడిచింది. మేస్త్రి మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే.

"ఎప్పుడొస్తాడు మేస్త్రి గారూ?" అన్నారు మాస్టారు. వెటకారం కాదు. బస్సు ఎప్పుడొస్తుందని అడిగినట్టు మామూలుగా అడిగారు.

"రాడు. ఇంక ఎప్పుడూ రాడు. మీరే ఏదో ఒకటి చెయ్యాలి."

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. కాగితాలు తిరగేశారు. బావమరిదికి తన వీరుడి దగ్గర డాలు ఉందన్న సంగతే గుర్తులేదు.

"నాలుగేళ్ళ కిందట చెప్పాల్సింది బావా" అన్నాడు, చాలాసేపటికి. "అప్పుడైతే ఏదో ఒకటి తోచేది. మా బుర్రలు నువ్వే మూయించావు. ఇప్పుడు తెరవమంటే ఎక్కడ తెరుచుకుంటాయి?"

దొంగలు బాణాలు ఎక్కుపెట్టుకుని అలాగే ఉండిపోయారు. ఆట అంతటితో ఆగింది. వెళ్ళేముందు మాస్టారు మూలనున్న అట్ట చుట్ట విప్పి చూపించారు. పడవమ్మ ఏం చెయ్యబోతోందో చెల్లెలి నోట ముందే విని గీసి, ముందటివారం ఆమెకి ఇద్దామని తెచ్చి, ఇవ్వలేక వదిలేసిన బొమ్మ. తూములో పడవమ్మ. గొంతు దాకా నీళ్ళు, రెండు చేతులూ చక్రం మీద. బొమ్మ మొత్తం ఆమే.

"మరి ఇవ్వకపోయారా?" అన్నాడు మేస్త్రి.

"జరగనిదాన్ని ఎలా ఇస్తానండీ? పోనీ జరిగినట్టు మారుద్దామనుకున్నాను. పెద్దాయనకి ఇందులో చోటు లేదు. ఆయన్ని పెట్టాలంటే ఈవిణ్ణి చెరపాలి."

ఆ మాట మేస్త్రి గుండెల్లో దిగబడిపోయింది. వారం రోజులు అద్దాలు అరగదీస్తున్నా, గిరాకీతో మాట్లాడుతున్నా అదే. ప్రేమతోనే చేశానని తనకి తను ఎన్నిసార్లు చెప్పుకున్నా ఆ మాట ముందు నిలబడలేదు. కాలేజీ గుర్తొచ్చింది, ల్యాబు యజమాని గుర్తొచ్చాడు. తను కొండ దిగిన ప్రతిసారీ ఆ పిల్ల కొంచెం కొంచెంగా చెరిగిపోయింది. పూర్తిగా చెరిగేలోపు బస్సెక్కింది. ఆయన సిగ్గుపడ్డాడు, భార్య చూడకుండా ఏడ్చాడు కూడా.

నెల తరవాత ఆదివారం మధ్యాహ్నం, ఆట లేని ఆ వేళ ఎలా గడపాలో తెలియక, చెల్లెలికి ఫోన్ చేశాడు. అవతల నాలుగైదు గొంతులు, నవ్వులు, బల్ల మీద ఏదో దొర్లిన చప్పుడు. ఆ చప్పుడు పాచికదని ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

"ఆడుతున్నావా చిట్టీ?"

"నడుపుతున్నానన్నయ్యా. మా ల్యాబువాళ్ళే. ఇది మూడో వారం."

"మంచి పని చేశావు." క్షమించమని అడగడానికి చేసిన ఫోను. నోటివెంట వచ్చింది వేరే మాట. "నన్ను కూడా చేర్చుకోరాదూ? ఫోన్లోనే ఆడతాను. మాంత్రికుడూ గీంత్రికుడూ వద్దు. ఏ కోట దగ్గరో కాపలావాడు. నువ్వు చంపేస్తే చచ్చిపోతాను."

అవతల ఆమె గది బయటికి వచ్చినట్టుంది, గొంతులు దూరమయ్యాయి.

"వద్దన్నయ్యా" అంది. "నువ్వు బాగానే ఆడతావు, నాకు తెలుసు. నువ్వుంటే కథ మధ్యలో నేనే ఆగిపోయి నీవైపు చూస్తాను. వాళ్ళు కాదు, నేనే. ఇప్పుడిప్పుడే మానుకుంటున్నాను."

తప్పంతా నాదే అన్నాడు చివరికి. ఆ రోజు నిన్ను మాట్లాడనివ్వాల్సింది అన్నాడు. ఆమె "ఊఁ" అంది. పోనీలే అనలేదు. అన్నయ్య ఊరడింపుకి అబద్ధం చెప్పించుకునే వయసు దాటిపోయాడని అనుకుందేమో.

"ఉంటాను మరి. వాళ్ళు వంతెన మధ్యలో ఇరుక్కున్నారు, రెండు వైపులా మంటలు. ఏం చేస్తారో ఏమో, నాకూ తెలీదు."

వంతెన అనగానే మేస్త్రి బుర్రలో తాడు, కింద నది, తడి దుప్పట్లు, తప్పించుకునే దారులు మూడు గబగబా వచ్చి వరసలో నిలబడ్డాయి. మూడూ మంచివే. పెదవి దాకా వచ్చినవాటిని మింగేసి, "సరేనమ్మా, వెళ్ళు" అన్నాడు.

ఆమె పెట్టేసింది. వాళ్ళు వంతెన ఎలా దాటారో ఆయనకి ఎవరూ చెప్పలేదు.