ఆపండిగారు ఆపని రోజు

"ఆపండి" అన్నారాయన. బోర్డు దగ్గర లెక్క చేస్తున్న అమ్మాయి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఆకారం అంచు నునుపుగా ఉందని అనుకుని రెండో వరుస రాసేసింది. ఉందని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. అయితే వెళ్లి కూర్చోమన్నారు. పొద్దున్న మొదటి క్లాసు ఇలాగే మొదలవుతుంది, చాలాసార్లు ఇక్కడే ముగుస్తుంది కూడా.

గణిత విభాగంలో అందరూ ఆయన్ని ఆపండిగారు అనే అంటారు, మొహాన కాదనుకోండి. పొడుగు మనిషి. ముందుకు వంగిన మెడ, దాని చుట్టూ ఎప్పుడూ బూడిదరంగు మఫ్లరు, గొంతుదాకా పెట్టిన గుండీలు. ఎడమ కనురెప్ప కాస్త వాలి ఉండటంతో ఎదుటివాడి మాట నమ్మనట్టే కనిపిస్తారు. నిజానికి నమ్మరు కూడా. ఉద్యోగమంతా చెప్పింది ఒక్కటే పాఠం: ఒక ఆకారాన్ని ఎంత సాగదీసినా గీతల మధ్య కోణాలు చెడకుండా ఎలా చూసుకోవాలో. సొంతంగా కనిపెట్టింది ఏమీ లేదు. ఉన్న పేరల్లా ఒక్కటే, ఆయన ఎవర్నీ తప్పుగా ఆపలేదు.

ఆ విభాగం సెమినార్ హాలుకి ఒక ఆనవాయితీ ఉంది. వినేవాళ్లలో ఎవరైనా ఆపితే, వాళ్లు ఒప్పుకునేదాకా తర్వాతి వరుస రాయకూడదు. ఆపినవాడిదే తప్పని తేలితే బోర్డంతా వాడే తుడవాలి. ఆపండిగారు ఆ డస్టర్ని ఏనాడూ ముట్టుకోలేదు.

ఇవాళ్టి సెమినార్ బావమరిదిది. భార్యకి సొంత తమ్ముడు, పక్క భవనంలో భౌతికశాస్త్రం చెబుతాడు. బావా బావమరుదులిద్దరూ ఉప్పూ నిప్పూలా ఉంటారు. అతను రాసిన ప్రతి సూత్రాన్నీ ఈయన నలుగురిలో పట్టుకుని ఆపారు మరి. అతను ఇంటికి వచ్చినా అక్కతో మాట్లాడి, బావ గది ముందునుంచి తలతిప్పుకుని పోతాడు. ఈసారి బయటినుంచి పెద్దలు వస్తున్నారు. వాళ్లు మెచ్చితే అతనికి సొంత ప్రయోగశాల దక్కుతుంది. అందుకే పొద్దున్న చొక్కా అందిస్తూ భార్య అడిగేసింది.

"వాణ్ణి ఈ ఒక్కరోజు వదిలెయ్యండి. ఆపారో, వాడు మళ్లీ మన గడప తొక్కడు."

"తప్పు రాస్తే?"

"రాయనివ్వండి. కొంపలేం మునగవు."

ఆయన చెప్పులేసుకున్నారు. కొంపలు మునుగుతాయనే ఆయన నమ్మకం.

మధ్యాహ్నానికి హాలు నిండింది. బావమరిది బోర్డు మీద వంకర అంచుల రేకు ఒకటి గీశాడు. అలాంటి రేకులో వేడి ఎలా పరుచుకుంటుందో లెక్కగట్టడం ప్రాణాంతకం. అందుకని కోణాలు చెడకుండా దాన్ని గుండ్రటి పళ్లెంగా మార్చాడు. పళ్లెం లెక్క అందరికీ వచ్చిందే. పళ్లెంలో శక్తి ఎంతో రేకులోనూ అంతేనని సమాన గుర్తు పెట్టాడు.

ఆపండిగారి నోరు ఆయన్ని అడిగి తెరుచుకోలేదు.

"ఆపండి. సాగదీశావు కదా, ఆ సాగుదల లెక్కేది?"

బావమరిది తీరిగ్గా చేతులు దులుపుకున్నాడు. ఈ ఘడియ కోసం ఏళ్లతరబడి కాచుకున్న మనిషి, తొందరెందుకు పడతాడు?

"బావగారూ, ఇది రేకు. వైశాల్యం ఎన్ని రెట్లు పెరిగితే వేడి మారే వాలు వర్గం అన్ని రెట్లు తగ్గుతుంది. రెండూ కొట్టేసుకుపోతాయి. మీరు రెండో సంవత్సరం పిల్లలకి చెప్పే పాఠమే కదండీ."

వెనక ఒకరు నవ్వారు. ఆపైన అందరూ నవ్వారు. నిద్రలో లేపి అడిగినా చెప్పగల పాఠం, ఈ పూట ఎక్కడికి పోయిందో ఆయనకే తెలియలేదు. చెవులు కాలిపోతున్నాయి, ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది. లేచి వెళ్లి డస్టర్ తీసుకుని పై మూలలు కూడా వదలకుండా తుడిచారు. సుద్దపొడి తలనిండా రాలింది. ఒక్కరూ లేచి ఆ డస్టర్ అందుకోలేదు.

తుడిచిన బోర్డు మీద బావమరిది హుషారుగా రేకు వదిలేసి గోళాలకి వెళ్లాడు. ఒకదాని లోపల ఒకటి, కేంద్రాలు కలవని రెండు గోళాలు. కోణాలు చెడకుండా సాగదీసి ఆ కేంద్రాలు ఒక్కచోటికి తెచ్చాడు. అక్కడా అదే సమాన గుర్తు పెట్టాడు.

ఆపండిగారు చూశారు. గోళాల్లో మందం కూడా ఉంది. ఘనపరిమాణం సాగుదలని మూడుసార్లు గుణిస్తుంది, వాలు వర్గం రెండుసార్లే భాగిస్తుంది, ఒకటి మిగిలిపోతుంది. ఆయన ముందుకు వంగారు. హాలంతా ఆయనవైపే చూసింది, మళ్లీ నవ్వడానికి సిద్ధంగా. సిగ్గు కొంత, కసి కొంత. పడనీ వెధవని, అనుకుని వెనక్కి వాలారు. చప్పట్లు మోగాయి. పెద్దలు బావమరిది చెయ్యి పట్టుకుని ఊపారు.

ఆయన మేడమీది తన గదికి వెళ్లారు. కిటికీ తెరుద్దామనుకున్నారు గానీ ఓపిక లేకపోయింది. కుర్చీలో కూర్చుని బల్ల మీద తల ఆనించారు.

సాయంత్రం బావమరిది విసురుగా తలుపు తోసుకుని వచ్చాడు. పెద్దలకి రాసి పంపుదామని కూర్చుంటే గోళాల లెక్క ఎంతకీ తేలలేదు. తేలకపోవడం ఎందుకో తెలిసేసరికి ఒళ్లు మండిపోయింది.

"మీరు చూశారు. చూసి కూడా ఆపలేదు. నన్ను ముంచాలనే కదా?"

ఆయన బల్ల మీంచి తల ఎత్తలేదు. అతను ఇంకా చాలా అన్నాడు, అక్క పెళ్లినాటి సంగతులు కూడా తవ్వాడు. చివరికి "లేవండి బావా" అని భుజం పట్టుకుని కుదిపాడు. భుజం చల్లగా ఉంది.

మనుషులు వచ్చి ఆయన్ని మోసుకెళ్లాక, అక్కకి కబురు చెప్పడానికి అతనికి కాళ్లు రాలేదు. ఖాళీ హాల్లోకి వెళ్లి బోర్డు ముందు నిలబడ్డాడు. తను రాసిన ఆఖరి వరుసని గొంతు పెంచి చదివాడు, సమాన గుర్తు దగ్గర ఆగాడు. ఎవరూ ఆపండి అనలేదు. ముందు వరుస చివర, వెనక్కి జరిగి ఉన్న కుర్చీ వీపు మీద ఆయన బూడిదరంగు మఫ్లరు, ఒక కొస నేలకి ఆనుతూ వేలాడుతోంది.