విరిగిన కొమ్ము మేక

అమ్మ సామాను వేలం మొదలయ్యేలోపు ఆ మేక బొమ్మ దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లి వచ్చానో! కాలుగాలిన పిల్లే నయం. మా పెన్సిల్వేనియా పల్లెల్లో పోయినవాళ్ల సామానంతా వాకిట్లో పరిచి పాట పెడతారు. కన్నబిడ్డలైనా నలుగురితో పాటు పాడి కొనుక్కోవాల్సిందే. నాకు కావలసింది చిల్లర దాచుకునే ఆ పోత ఇనుప మేక డిబ్బీ ఒక్కటే. మేక కొమ్ముల మీద నాణెం పెట్టి మీట నొక్కితే, తల ఎగరేసి ఎదురుగా ఉన్న పీపాలోకి విసురుతుంది.

అది పాతకాలపు అసలుదైతే, పాత వస్తువులు కొనే పట్నం వ్యాపారులు వేలకు వేలు పాడతారు. బడి వంటశాలలో గరిటె తిప్పే నేను కూడబెట్టింది రెండు వందల డాలర్లు. అందుకే పొద్దుటి నుంచి ఒకటే మొక్కు: దేవుడా, ఇది నకిలీ అవ్వాలి!

"కాస్త ఒకచోట కూర్చోవే. సూప్ చల్లారిపోతోంది," అన్నాడు మా అన్న హార్లన్.

"నువ్వే తాగు. తిండి తప్ప నీకేం పట్టింది!"

వ్యాపారి క్రెల్ రానే వచ్చాడు. జేబులోంచి మడత కాగితం తీశాడు. అసలైన మేక డిబ్బీని నిలబెట్టి, అడుగు చుట్టూ పెన్సిల్‌తో గీసుకున్న గీత అది. దాని మీద మా మేకను పెట్టాడు. మేక చుట్టూ గీత సన్నగా బయటికి కనిపించింది.

"చిన్నది," అని పెదవి విరిచాడు. "అసలు బొమ్మతో ఇసుకలో అచ్చు తీసి పోసిన నకలు. ఇనుము చల్లారితే కుంచించుకుపోతుంది గదమ్మా, అక్కడే దొరికిపోతారు. ఒళ్లు చూడండి, ఎంత గరుకో."

హమ్మయ్య! ప్రాణం లేచొచ్చింది.

"తమాషా ఏంటంటే, ఈ కొమ్ము కొన విరిగింది కాదు. విరిగితే అంచు పదునుగా ఉండాలి. ఇది నున్నగా పోతలోనే వచ్చింది. అప్పటికే కొమ్ము విరిగిన బొమ్మకి అచ్చు తీశారన్నమాట."

ఆ కొమ్ము విరగ్గొట్టింది నేనే. చిన్నప్పుడు మెట్ల మీంచి జారవిడిచాను.

అన్న వైపు తిరిగాను. "మరి మన అసలు మేక ఏమైంది?"

హార్లన్ సూప్ గిన్నెలోకే చూస్తూ చెప్పాడు. "నీకు పోలియో వచ్చి ఆస్పత్రిలో ఉన్నావే, అప్పుడు ఆ ఖర్చులకి అమ్మేశారు. నువ్వొచ్చి మేకేదని ఏడుస్తావని నాన్న తను పనిచేసే ఇనుప పోతల ఫౌండ్రీలో, అమ్మేముందే దానికి అచ్చు తీసి ఇది పోశాడు. కొమ్ము బాగుచెయ్యొచ్చుగా అన్నాను. 'వద్దురా, దానికి తెలిసిపోద్ది' అన్నాడు."

"ఇన్నేళ్లూ చెప్పవేం, దుర్మార్గుడా!"

"ఒట్టు వేయించుకున్నాడే."

నాకు ఏడుపు ఆగలేదు. అప్పటికే వేలం వేసే ఈనోస్ మేకను పైకెత్తాడు. "నకలు బాబూ నకలు! ఒక్క డాలరు, ఎవరు?"

"వంద!" అని అరిచాను.

జనం గొల్లున నవ్వారు. "ఓర్ఫా అక్కా, నీకు పోటీ ఎవరూ లేరు. డాలరుకే వచ్చేస్తుంది," అన్నాడు ఈనోస్.

"రెండు వందలు! నోరుమూసుకుని సుత్తి కొట్టు."

కొట్టాడు.