మూత మీద అత్తయ్య

ఎటు చూసినా నీలంగా ఉంది, గోడలు నున్నగా ఉన్నాయి, వేలితో నొక్కితే లోపలికి పోయి మళ్ళీ టప్పున బయటికొస్తున్నాయి, ఇది మా వంటిల్లే అని నాకు గట్టిగా తెలుసు గానీ పొయ్యి లేదు, కిటికీ లేదు, మూలన మా అత్తయ్య నాంచారమ్మ మోకాళ్ళు గుండెల దాకా ముడుచుకుని కూర్చుని ఉంది. పోయి ఏడాది కావస్తున్న మనిషి. నాకు భయం వేయటం లేదు, ఒళ్ళు మండుతోంది, ఎందుకంటే నా కుడిచెయ్యి ఆవిడ భుజం మీద ఉంది, తీసుకుందామంటే రావటం లేదు.

"లాక్కోకు సుగుణా" అంటుంది ఆవిడ, తల కూడా తిప్పకుండా. "అది ఫొటోలో పడిన చెయ్యి. ఊడదు."

అవును, ఆ ఫొటో. మా ఆడపడుచు కూతురి పెళ్ళిలో అత్తాకోడళ్ళం పక్కపక్కన నిలబడి తీయించుకున్నది. అత్తయ్య పెద్దకర్మకి వచ్చినవాళ్ళకి పంచటానికి మా ఆయన ప్లాస్టిక్ డబ్బాలు తెప్పించి, మూతల మీద ఆవిడ బొమ్మా, కింద నాంచారమ్మ గారి జ్ఞాపకార్థం అనీ అచ్చు వేయించాడు. ఆ షాపువాడు ఫొటోలోంచి నన్ను శుభ్రంగా కత్తిరించేశాడు గానీ నా వేళ్ళు మాత్రం ఆవిడ భుజం మీదే వదిలేశాడు. అప్పుడు చుట్టాలందరూ చూసి నవ్వారు, నేనూ నవ్వాను. ఇప్పుడు నవ్వు రావటం లేదు.

పైన మూత ఉంది. దాంట్లోంచి వెలుతురు వస్తోంది, గాలి రావటం లేదు. ఎడమచేత్తో నెడితే ఆకాశమంత ఎత్తుకి పోతుంది, చెయ్యి దించగానే మళ్ళీ వచ్చి నా నెత్తికి తగులుతుంది. అత్తయ్య నా వంక, బతికుండగా నా చపాతీల వంక చూసినట్టే చూస్తుంది, ఏడాది బట్టీ నేను నెడుతున్నాను, నువ్వొచ్చి ఒక్కపూటలో తీస్తావా అన్నట్టు.

మనం ఎక్కడున్నాం అత్తయ్యా అని అడుగుతాను. ఎక్కడని చెప్పనే అంటుంది. ఆ డబ్బాలు నాసిరకంవట, నెల తిరక్కుండానే మూతల అంచులు విరిగాయట, ఎవరింట్లో విరిగితే వాళ్ళు పారేశారట, పారేసిన ప్రతిచోటా తనే ఉందట. ఆవిడ చెబుతూ ఉండగానే మా పాదాల కింద నీళ్ళు ఊరతాయి, గోడల అవతల గుర్రపుడెక్క వేళ్ళు ఊగుతాయి, వంటిల్లు కాస్తా కాలవై, మేం తూము నోట్లో అడ్డంగా ఇరుక్కుని ఉంటాం, కవర్లూ టీ గ్లాసులూ భోజనాల ప్లేట్లూ కొట్టుకొచ్చి కొట్టుకొచ్చి మా వీపుకి ఆనుకుంటూ ఉంటాయి. అవతల చివరి పొలాలవాళ్ళిద్దరు, నీళ్ళు నువ్వు మళ్ళించుకున్నావంటే నువ్వు మళ్ళించుకున్నావని, ఒకళ్ళ చొక్కా ఒకళ్ళు పట్టుకుంటున్నారు. మీరిద్దరూ కాదురా, అడ్డం పడింది నేనురా అని అత్తయ్య అరుస్తుంది. ఆవిడ గొంతు ఒకప్పుడు వీధి చివరికి వినపడేది. ఇప్పుడు ఆ ఇద్దరిలో ఒక్కడూ తల తిప్పడు.

కాలవలో నీళ్ళు వేడెక్కుతాయి, ఆవిరవుతాయి, ఆవిరి నల్లబడి పొగవుతుంది, ఊరి చివర చెత్త తగలబెట్టే చోట ఉన్నామని నాకు వాసనని బట్టి తెలుస్తుంది. పక్కనే పట్టా కప్పిన గుడిసె, లోపల పసిపిల్ల దగ్గు. తల్లి కొంగుతో విసురుతోంది, విసిరేకొద్దీ పొగే లోపలికి పోతోంది.

"కట్టెల మీద ఇంత బూడిదై పోయానే" అంటుంది అత్తయ్య. "ఇక్కడ కాలటం కూడా లేదు. కరిగి పక్క చెత్తకి అంటుకుంటున్నా. ఆ పిల్ల దగ్గులో ఉన్నది నేనే."

నాకు ఏడుపొస్తుంది, దాంతో పాటు కోపమూ వస్తుంది, ఈవిడ దగ్గర నాకు రెండూ ఎప్పుడూ కలిసే వచ్చేవి. ఇదంతా మీరు అడిగిందేగా అత్తయ్యా అనేస్తాను. అడిగిందే మరి. ఆస్పత్రి మంచం మీద కొడుకు చెయ్యి పట్టుకుని, ఎదురింటి సీతారావమ్మ పోయినప్పుడు ఏదో పంచారు గానీ దాని మీద ఆవిడ బొమ్మ కూడా లేదురా, నాకు మాత్రం ప్రతి ఇంట్లో నా మొహం ఉండాలి, పెద్దకర్మకీ పంచు, సంవత్సరీకానికీ పంచు అని ఒట్టేయించుకుంది. ఎవరి ఫంక్షన్లో ఏం ఇచ్చినా తెచ్చి అటకెక్కించేది, వాడితే పాతబడతాయని నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. ఇప్పుడు చూస్తే మేం కూర్చున్నది ఆ అటక మీదే, బుట్టలూ డబ్బాలూ పళ్ళేలూ పైకప్పు దాకా, కాళ్ళు చాపుకోవటానికి చోటు లేదు.

ఆవిడ ఒక పళ్ళెం తీసి, కొంగుతో దుమ్ము తుడిచి, మళ్ళీ దొంతరలో పెడుతుంది.

"అడిగాను" అంటుంది. "ఎవరూ మర్చిపోకూడదని అడిగాను. అందరూ మర్చిపోయారు, నేను మాత్రం పోలేకపోతున్నా."

కొడుకు సంవత్సరీకానికి మళ్ళీ డబ్బాలు వేయిస్తున్నాడట, వద్దని చెప్పమంటుంది. విస్తరాకుల్లో పప్పన్నం పెట్టండి, తిన్నాక ఆ ఆకులు మట్టిలో కలిసిపోతాయి, నేనూ పోతాను అంటుంది. మీ కొడుక్కి మీరే చెప్పుకోవచ్చుగా, మధ్యలో నేనెందుకు అంటాను. వాడి కలలోకి పోయి చూసిందట, అక్కడ గురక తప్ప ఏమీ లేదట.

"నీ చెయ్యే నా మీదుంది సుగుణా. నీ దగ్గరికి తప్ప ఎక్కడికీ రాలేను."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. తల్లి చివరి కోరిక అని ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని చేయిస్తున్న పని, నేను వద్దంటే ఏమంటారు. అత్తకి పెట్టటానికి కోడలికి చేతులు రాలేదంటారు. మా ఆడపడుచు అయితే గుమ్మంలోనే మొదలుపెడుతుంది. నాకు కలొచ్చింది, అమ్మే వద్దంది అని చెబితే ఇంకా నయం, కలలో తన చీరలు కూడా నీకే ఇచ్చేసిందనలేదు అని ఎత్తిపొడుస్తుంది. ఇదంతా నేను ఆవిడతోనే అంటాను.

"అంటారు" అంటుంది అత్తయ్య. "నేను బతికుంటే నేనూ అనేదాన్ని."

ఎక్కడో టక్కుమని చప్పుడు. మళ్ళీ టక్కు. కొత్త డబ్బాలకి మూతలు నొక్కుతున్నారని ఎవరూ చెప్పకుండానే నాకు అర్థమవుతుంది, నొక్కిన ప్రతిదాంట్లోనూ ఆవిడ భుజం, ఆవిడ భుజం మీద నా వేళ్ళు, ఇన్ని చేతులు నాకు ఎక్కడివి అని చూసుకుంటూ ఉంటే గోడలు దగ్గరికి జరుగుతాయి. మా ఇద్దరి ఊపిరీ మూతకి పట్టి తెల్లబడుతుంది. ఆవిడ మొహం మసకబారుతుంది. "చెప్పవే" అంటుంది, ఆ తర్వాత పెదాలు కదలటమే తెలుస్తుంది, నేను అత్తయ్యా అత్తయ్యా అని పిలుస్తూ మూతని మోచేత్తో గుద్దుతున్నాను.

"ఏంటే, మంచం విరగ్గొడతావా" అన్నాడు మా ఆయన. తెల్లారిపోయింది. కుడిచెయ్యి నా ఒంటి కింద పడి తిమ్మిరెక్కి ఉంది, నాది కాదన్నట్టు వేలాడుతోంది. ఆయన ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. డబ్బాల షాపువాడు అడుగుతున్నాడు, నమూనా నచ్చితే ఇవాళే అచ్చు మొదలుపెడతాడట, సరే అని చెప్పేయనా అన్నాడు.

నేను హాల్లోకి నడిచాను. నిన్న షాపువాడు పంపిన నమూనా డబ్బా బల్ల మీద ఉంది. ఖాళీగా ఎందుకని రాత్రి మిగిలిన చపాతీలు వేడివేడిగా అందులో సర్ది మూత నొక్కింది నేనే. లోపలిది కనపడే నీలం మూత, దాని మీద అత్తయ్య, భుజం మీద నా వేళ్ళు. లోపలి వైపు, సరిగ్గా ఆవిడ నోటి దగ్గర, ఆవిరి పట్టి చుక్కలు కట్టింది.

మూత తీయబోయాను. బిగుసుకుపోయింది.

"నచ్చిందా లేదా, ఏదో ఒకటి చెప్పు" అన్నాడాయన వెనకనుంచి.

డబ్బా తీసుకెళ్ళి ఆయన చేతుల్లో పెట్టాను. "ముందు మీ అమ్మని బయటికి తీయండి, తర్వాత చెబుతా" అన్నాను.

ఆయన నా మొహం వంక చూసి, ఫోను పక్కన పెట్టాడు. డబ్బాని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, పళ్ళు బిగించి లాగుతున్నాడు. అది రావటం లేదు.