ఇక రంగు వద్దు

నేను ఒక కారు ముందు బంపర్‌ని. కారు ముఖం ఎక్కడుందంటే జనం దీపాల వైపు చూపిస్తారు, కంపెనీ బొమ్మ వైపు చూపిస్తారు. నన్నెవరూ చూపించరు. దెబ్బ తగిలే చోటికి మాత్రం అందరికంటే ముందు నన్నే నిలబెట్టారు. దారిలో ఏది తగలవలసి వచ్చినా ముందు నాకు తగలాలి. అక్కడితో ఆగితే సరే, ఆగకపోతే నా వెనకున్న ఇనుముకు అందుతుంది. ఇదీ నా ఉద్యోగం. ఇందులో మెప్పు లేదు. బాగా చేసిన రోజున కూడా యజమాని నన్ను చూసి అయ్యో అనే అంటాడు.

పుట్టింది చెన్నై దగ్గర ఒక కార్ఖానాలో. గోధుమ గింజలంత నల్లటి ప్లాస్టిక్ పలుకుల్ని కరిగించి అచ్చులో పోశారు. చల్లారి బయటికి వచ్చేసరికి ఒక చిరునవ్వులాంటి వంపు వచ్చింది నాకు. అది నవ్వు కాదు, అచ్చు అలా ఉంది. తర్వాత ఒకే ఒక్క పూత తెల్ల రంగు వేసి, ఒక చిన్న కారుకు బిగించి గుంటూరు పంపారు.

అక్కడ నన్ను కొన్నది ఒక పొగాకు వ్యాపారి. ఆయన కారు నడిపినదానికంటే తుడిచింది ఎక్కువ. వీధిలో పిల్లలు నామీద చెయ్యి వేసినా మేడ మీది నుంచి కేకలు వేసేవాడు. కొన్నేళ్ళకు పెద్ద కారు కొనుక్కుని, నన్ను అంత అపురూపంగా చూసిన మనిషి వెనక్కి తిరిగి చూడకుండా అమ్మేశాడు. మనుషుల అపేక్ష అంతవరకే అని అప్పుడే తెలుసుకున్నాను. బాధపడలేదు.

రెండో యజమాని పేరు యల్లమంద. నరసరావుపేటలో సన్నాయి విద్వాంసుడు. పల్నాడులో ఏ మూల పెళ్ళి జరిగినా ఆయన సన్నాయి ఉందంటే ముహూర్తానికి ముందే పందిరి నిండేది. డోలు వాయించేది ఆయన బావమరిది పోలయ్య. ఇద్దరూ ఏళ్ళ తరబడి పట్టుపంచెలు కట్టుకుని, ఒళ్ళో డోలు పెట్టుకుని బస్సుల్లో తిరిగినవాళ్ళే. యల్లమంద తండ్రి కూడా సన్నాయి వాయించేవాడట. పెళ్ళిళ్ళకు నడిచి వెళ్ళి, పందిరి బయట చాప మీద కూర్చుని, అందరూ తిన్నాక మిగిలింది తిని వచ్చేవాడట. ఆ సంగతి యల్లమంద ఎవరికీ చెప్పడు. కారు కొన్న రోజున మాత్రం పోలయ్యతో ఒక్కసారి అన్నాడు. ఆ రోజు నా ముందే నిలబడి ఉన్నాడు కనక విన్నాను.

సొంతంగా కారు నడుపుకుంటూ వచ్చే విద్వాంసుణ్ణి చూస్తే పెళ్ళివారు గేటు దాకా ఎదురొచ్చేవారు. రండి విద్వాన్ గారూ, ఇక్కడ పెట్టండి బండి అని చోటు చూపించేవారు. అదే మనిషి, అదే సన్నాయి, అదే రాగం. నాలుగు చక్రాలు తోడయ్యేసరికి గౌరవం పుట్టుకొచ్చింది. యల్లమంద దిగి, తలుపు వేసి, తాళం చెవి జేబులో వేసుకుంటూ నడిచే నడక చూస్తే, ఆయన కొనుక్కున్నది నన్నో కారునో కాదనీ, ఆ నడకననీ అర్థమయ్యేది.

నాకు మొదటి దెబ్బ వినుకొండలో తగిలింది. కల్యాణ మండపం గేటు స్తంభానికి నా ఎడమ మూల రాసుకుంది. యల్లమంద దిగి చూసి, స్తంభం ఇంత ముందుకు కట్టారేమిటని విసుక్కున్నాడు. ఎడమ పక్క ఎవరికైనా అంతేలెమ్మని పోలయ్య నవ్వేశాడు. స్టీరింగు కుడివైపు ఉంటుంది కనక ఎడమ మూల దూరం అందరికీ సరిగ్గా అందదు. నేనూ అలాగే అనుకున్నాను.

పెళ్ళి కాగానే గుంటూరు ఆటోనగర్‌లో మస్తాన్ షెడ్డుకు తీసుకెళ్ళాడు. మస్తాన్ సొట్టలు తీసి రంగులు వేస్తాడు. గరుకు కాగితంతో నా చర్మం రుద్ది, గులాబి రంగు పుట్టీ పట్టించి, బూడిద రంగు ప్రైమర్ కొట్టి, పైన తెలుపు వేశాడు. కొత్తదానిలా ఉన్నానని యల్లమంద మురిసిపోయాడు. లోపల సన్నటి చీలిక అలాగే ఉంది. మనుషుల దృష్టిలో మానిపోవడమూ కనపడకపోవడమూ ఒకటే.

తర్వాత ఆగి ఉన్న మోటారు సైకిలు, బస్టాపు సిమెంటు బల్ల, చొప్ప వేసుకుని పోతున్న ఎడ్లబండి. ప్రతిసారీ ఎడమ మూలే. ప్రతిసారీ యల్లమంద ఎక్కడి నుంచి వచ్చిందో అనేవాడు. సిమెంటు బల్లను చూసి కూడా అదే మాట అన్నాడు. అప్పుడు పోలయ్య నవ్వలేదు. ప్రతిసారీ ఇంటికి పోకుండా నేరుగా గుంటూరు పోయేవాళ్ళం. ఇంట్లో ఆయన భార్య శేషారత్నం చూడకముందే రుద్దుడూ పుట్టీ రంగూ అయిపోయేవి. ఇంటికి వెళ్ళేసరికి నేను తెల్లగా నవ్వుతూ ఉండేదాన్ని. ఆ నవ్వు మొయ్యడం దెబ్బలు కాయడం కంటే కష్టమైంది. ఒక్కో పూతకూ బరువెక్కాను, పెళుసెక్కాను. గుంతలో పడితే చాలు, లోపల ఎక్కడో చిటపటమనేది.

శేషారత్నానికి అసలేమీ అనుమానం రాలేదని కాదు. ఆయన భుజం గుమ్మానికి కొట్టుకోవడం, పక్కనే పెట్టిన మంచినీళ్ళ చెంబు తన్నుకోవడం ఆమె చూస్తూనే ఉంది. పెళ్ళిళ్ళ రోజులు, నిద్ర చాలక అనుకుంది. ఒకసారి కళ్ళ డాక్టరుకు చూపించుకోమంటే మూఢం వచ్చి పెళ్ళిళ్ళు ఆగాక చూద్దామన్నాడు. మూఢం వచ్చింది, పోయింది.

ఆ రోజు సత్తెనపల్లిలో పెళ్ళి ముగించుకుని ఇంటికి వస్తున్నాం. పొద్దెక్కింది, రోడ్డంతా తెల్లటి ఎండ. పోలయ్య వెనక సీట్లో డోలు మీద తల పెట్టి నిద్రపోతున్నాడు. ముందు చాలా దూరంలో రోడ్డు ఎడమ అంచున ఒక మనిషి సైకిలు తొక్కుకుంటూ పోతున్నాడు. వెనక రెండు పక్కలా పాల క్యాన్లు. కారు వేగంగా పోవడం లేదు. ఆ మనిషి దగ్గరవుతున్నాడు, యల్లమంద కూనిరాగం తీస్తున్నాడు, రాగం ఆగలేదు, చక్రం తిరగలేదు. కారులో అందరికంటే ముందుండి అన్నీ చూస్తాను కానీ అరవడానికి నాకు నోరు లేదు.

నా ఎడమ మూల సైకిలును తాకింది. క్యాన్లు ఎగిరిపడ్డాయి. పాలు నామీద చిమ్మి, కారుతూ రోడ్డు మీద మట్టిలోకి పోయాయి. ఆ మనిషి కంకర మీద పడి చెయ్యి పట్టుకుని మూలుగుతున్నాడు. యల్లమంద దిగి పరుగెత్తాడు. పారిపోయే మనిషి కాదు ఆయన. కింద కూర్చుని అతని తల ఒళ్ళోకి తీసుకున్నాడు.

“ఎక్కడి నుంచి వచ్చావయ్యా నువ్వు?” అన్నాడు.

ఆ మనిషి పేరు అంకమ్మరావు అని తర్వాత తెలిసింది. అంత నొప్పిలోనూ అతను యల్లమంద ముఖంలోకి వింతగా చూశాడు.

“నేను ఇక్కడే ఉండా గదయ్యా” అన్నాడు.

అతన్ని కారులో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మణికట్టు విరిగింది, తలకు ఏమీ కాలేదు. విరిగి వేలాడుతున్న నన్ను పోలయ్య డోలును భుజానికి తగిలించుకునే పట్టీతో కట్టాడు.

ఈసారి దాచడం కుదరలేదు. శేషారత్నం అన్నం వండుకుని ఆసుపత్రికి వెళ్ళి అంకమ్మరావు దగ్గర కూర్చుని వచ్చింది. అతని భార్య ఏడుస్తూ, ఆయన అంచునే పోతాడమ్మా ఎప్పుడూ అని చెప్పిందట. మర్నాడు యల్లమంద గుంటూరు బయలుదేరితే నేనూ వస్తానని ఆమె వచ్చి ఎక్కింది. దారి పొడుగునా ఆయన చాలా మెల్లగా నడిపాడు. ఆమె ఎదురుగా రోడ్డునే చూస్తూ కూర్చుంది.

మస్తాన్ నన్ను ఊడదీసి షెడ్డు నేల మీద వెల్లకిలా పెట్టాడు. తిప్పి చూశాడు, మూల నొక్కి చూశాడు.

“ఏం చేద్దాం అన్నా? అతికించి రంగు వెయ్యమంటే వేస్తా. మార్చేద్దామంటే మార్చేద్దాం” అన్నాడు.

రంగే వెయ్యమన్నాడు యల్లమంద. మరుసటి రోజు ఇంకో పెళ్ళి ఉంది, సాయంత్రానికి బండి కావాలన్నాడు. ఆయన గొంతులో తొందర నాకు అలవాటే. ప్రతిసారీ అదే తొందర.

శేషారత్నం నా ముందు గొంతుక్కూర్చుంది. విరిగిన అంచు మీద వేలు పెట్టింది. అక్కడ నా పూతలన్నీ ఒకదాని కింద ఒకటి బయటపడి ఉన్నాయి. తెలుపు, బూడిద, గులాబి, మళ్ళీ తెలుపు, మళ్ళీ బూడిద. ఏటేటా సున్నం కొట్టిన పాత గోడ పెచ్చు ఊడితే లోపల ఎలా ఉంటుందో అలా ఉన్నాను. ఆమె గోటితో గీకితే ఒక పెచ్చు చేతిలోకి వచ్చింది. దాన్ని ఎండలో పెట్టి చూసింది. లేచి నా కుడి మూలకు వెళ్ళింది. అక్కడెప్పుడో రాయి తగిలి చిట్లిన చోట తెలుపు కింద నేరుగా నలుపే ఉంది.

“ఏంది మస్తానూ ఇది? గుద్దింది నిన్న ఒక్కసారే గదా?”

మస్తాన్ యల్లమంద వైపు చూసి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. యల్లమంద ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. చిన్న చిన్న గీతలనీ, మండపాల దగ్గర ఇరుకనీ, నీకెందుకు దిగులని చెప్పలేదనీ. శేషారత్నం వింటూనే, చెప్పుల చప్పుడు కాకుండా ఆయన చుట్టూ తిరిగి ఎడమ పక్కకు వచ్చి నిలబడింది. చెయ్యి చాపితే భుజానికి తగిలేంత దగ్గర. ఆయన మాత్రం ఆమె ఇందాక ఉన్న చోటు వైపే చూస్తూ, షెడ్డులోకి వెళ్ళిందనుకున్నాడో ఏమో, గొంతు కొంచెం పెంచి మాట్లాడుతున్నాడు.

“నేను ఇక్కడున్నానయ్యా” అంది ఆమె.

ఆయన ఉలిక్కిపడి తల మొత్తం తిప్పాడు. అప్పుడు కనపడింది ఆమె. తర్వాత ఆయన పక్కనున్న పాత టైరు మీద కూర్చున్నాడు.

“ఈ పక్క నాకు కనపట్టల్లేదు రత్నం” అన్నాడు. “శానాళ్ళ నించి.”

“మరి చెప్పలేదే?”

“చెబితే బండి తియ్యనీవు. బండి లేకపోతే మళ్ళీ బస్టాండే. మా నాయన మాదిరి.”

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

“ఆ పాలాయన తల పక్కనే రాయి ఉందంట” అంది. “ఆయన పెళ్ళాం చెప్పింది. ఆ మాట ఇన్నాక నాకు బస్టాండు ఒక లెక్కా?”

యల్లమంద తల దించుకున్నాడు. జేబులోంచి తాళం చెవి తీసి చాలాసేపు గుప్పిట్లో పెట్టుకున్నాడు. చివరికి ఆమె చేతిలో పెట్టాడు. గాజు బొమ్మను దించినట్టు, మెల్లగా.

శేషారత్నం మస్తాన్ వైపు తిరిగింది. “రంగు వద్దు. కొత్తది వెయ్యి. ఇక మీదట ఎవరు నడిపినా, గీత పడితే నాకు కనపడాల.”

కారు షెడ్డులో వదిలి ఆ ఇద్దరూ ఆటోలో కంటి ఆసుపత్రికి వెళ్ళారు. తర్వాతి సంగతులు కారు తీసుకుపోవడానికి వచ్చిన పోలయ్య మస్తాన్‌కు చెబుతుంటే విన్నాను. నీటికాసులట. ఎడమ కన్ను దాదాపు పోయింది, కుడి కంటికీ మొదలైంది. పోయిన చూపు తిరిగి రాదు, రోజూ చుక్కలు వేసుకుంటే ఉన్నది నిలుస్తుందన్నారు. మర్నాటి పెళ్ళికి బస్సులోనే వెళ్ళారు. గేటు దగ్గరికి ఎవరూ ఎదురు రాలేదు. బావ నేరుగా పందిట్లోకి పోయి కూర్చుని, తాళి కట్టేదాకా కళ్ళు మూసుకుని వాయించాడని చెప్పాడు పోలయ్య. ఎలా వాయించాడని మస్తాన్ అడిగితే, నేను డోలు ఆపి ఇన్నాను కాసేపు అన్నాడు.

పోలయ్యకు లైసెన్సు ఎప్పటి నుంచో ఉంది. బావ ఎన్నడూ చక్రం ముట్టుకోనివ్వలేదు. ఇక తనే నడుపుతాడు. పెళ్ళిళ్ళకు మాత్రమే కాదు. అంకమ్మరావు చెయ్యి కట్టుతో ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే అతని పాలు కారులో ఇళ్ళకు చేరవేస్తారట. డోలు పెట్టే చోట క్యాన్లు, పక్కన యల్లమంద. ఆయనే దిగి, గిన్నె అందుకుని, కొలిచి పోస్తాడు. కారు ఇంకా షెడ్డులో ఉండగా ఆటోలో వెళ్ళిన మొదటిరోజు ఒకావిడ గుర్తుపట్టి, మీరు మా అమ్మాయి పెళ్ళికి సన్నాయి వాయించినాయన కదూ అని నోరు తెరిచిందట. అవునమ్మా, గిన్నె గట్టిగా పట్టుకో, నాకు ఈ పక్క కనపడదు అన్నాడట యల్లమంద. అది చెప్పి పోలయ్య నవ్వాడు. నవ్వుతూనే ముఖం అటు తిప్పుకున్నాడు.

కొత్త బంపర్ బిగించిన కారు నా ముందు నుంచే బయటికి పోయింది. దాని మీద అసూయ కలగలేదు. దానికి ఏం కాబోతోందో నాకు తెలుసు. నాకు ఏం కాబోతోందో మాత్రం తెలియలేదు.

ఇలాంటి షెడ్డుల్లో పాత బంపర్లకు చావు తొందరగా రాదు. మొన్న ఒక మనిషి ఇదే రకం కారు తెచ్చాడు. తన బంపర్ రోడ్డు డివైడరుకు బలి అయిందట. గోడకు ఆనించి ఉన్న నన్ను చూసి, దీన్నే అతికించి రంగు వేసి బిగించు, పైకి బాగుంటే చాలు అన్నాడు. మస్తాన్ నన్ను ఎత్తి ఎడమ మూల పట్టుకున్నాడు. చెయ్యగలడు. మళ్ళీ గరుకు కాగితం, మళ్ళీ పుట్టీ, మళ్ళీ తెలుపు. మళ్ళీ ఏదో ఇంటి ముందు, ఎవరిదో సంగతి కడుపులో పెట్టుకుని నవ్వుతూ నిలబడడం. జీవితంలో దేనికీ భయపడనిదాన్ని దానికి భయపడ్డాను.

“ఇది ఇంకెవరికీ వెయ్యొద్దని శేషారత్నం వదిన చెప్పిపోయింది” అన్నాడు మస్తాన్.

ఆ మనిషి కాసేపు బతిమాలి, వేరే షెడ్డుకు పోయాడు. మస్తాన్ నన్ను రెండు రాళ్ళ మీద అడ్డంగా పెట్టి, నడుం మీద కాలు వేసి, రంపం అందుకున్నాడు. సగం దాకా కోసేసరికి మిగతాది దానంతటదే విరిగింది. రెండు ముక్కల్నీ తుక్కు కుప్ప మీద పడేసి, చెయ్యి దులుపుకుని పనిలోకి పోయాడు.

మధ్యాహ్నం ఎండ నేరుగా నామీద పడుతోంది. పైపూత అప్పుడే పెచ్చులు లేస్తోంది. లేవనీ.