గడ్డం కింద చెయ్యి

భవానీపురంలో రోడ్లు ఊడ్చే కార్మికులు హాజరు వేయించుకునే చోట, ముప్పైమంది ముందు, మేస్త్రీ హనుమయ్య బీమా కంపెనీ ఉత్తరం నవ్వుతూ చదివాడు. మార్త కంటి ఆపరేషనుకు బీమా ఇవ్వరట. ఏడాదిగా ఒక్కరోజు మానకుండా రోడ్లు ఊడ్చిన మనిషికి చూపు పోతోందంటే నమ్మరట. సాక్ష్యానికి కాంట్రాక్టరు పంపిన హాజరు ఫొటోలు జతచేశారు.

మార్తతో కలిసి ఊడ్చే ఎలిజబెత్ ఆ ఫొటోలు ఒక్కొక్కటే తిప్పి చూసింది. ప్రతి ఫొటోలోనూ మార్త గడ్డం కింద ఒక చెయ్యి ఉంది. ఆ చెయ్యి తనదే.

నీటికాసులనే కంటిజబ్బుతో మార్త ఎడమకన్ను నిరుడే పోయింది. కుడికన్నుకు లేజరు చేస్తే నిలుస్తుందని డాక్టరు చెప్పినప్పుడు, ఆసుపత్రిలో ఒక రాత్రి పడుకోని వైద్యానికి బీమా లేదంది ఇదే కంపెనీ. జీతంలోంచి నెలనెలా బీమా డబ్బు కోసుకునేటప్పుడు ఆ మాట ఒక్కడూ చెప్పలేదు. లేజరు చేయించుకోలేక జబ్బు ముదిరి ఆపరేషను దాకా వచ్చింది. ముఖాన్ని గుర్తుపట్టే మేస్త్రీ ఫోను ముందు కళ్లు తెరిచి నిలబడితేనే హాజరు, హాజరుంటేనే జీతం. అందుకని ఎలిజబెత్ రోజూ మార్త ముఖం ఫోనుకేసి తిప్పేది. ఆమె వీధిని మిగతావాళ్లు ఊడ్చేవారు. జాలిపడి చేసిన ఆ పనే కంపెనీ చేతికి కత్తయింది.

మార్త, ఎలిజబెత్ అర్జీలు పట్టుకుని పదిరోజులు తిరిగారు. ఆఫీసుల్లో కూర్చోమన్నవాడు లేడు. పదకొండోనాడు మార్తకు చేతిలో టీ గ్లాసు కూడా కనబడలేదు.

ఆ సాయంత్రం కార్మికులందరూ కూడారు. ఉద్యోగాలు ఊడతాయని తెరేసమ్మ భయపడింది. రేపు నీ కన్నయితే ఏం చేస్తావని యేసుకుమార్ ఆమె మీద లేచాడు. ఎలిజబెత్ ఇద్దర్నీ ఆపింది.

"మార్త కళ్లు కనపడతన్నాయని మనమే అబద్ధం ఆడాం. రేపు మనం కళ్లు మూసుకుందాం. ఆపరేషనుకే కాదు, లేజరుక్కూడా బీమా ఇస్తామని రాసిచ్చేదాకా తెరవొద్దు."

తెల్లారి ముప్పైమందీ ఫోను ముందు కళ్లు మూసుకుని నిలబడ్డారు. తెరేసమ్మ కూడా వచ్చింది. ఫోను ఒక్కరినీ గుర్తుపట్టలేదు. చెత్తబండ్లు కదల్లేదు. హనుమయ్య బూతులు తిట్టి పోలీసులను పిలిచాడు. జీపు ఆగిన చప్పుడైంది. లాఠీ నేలకు తగిలింది.

మార్త తడుముకుంటూ ఎలిజబెత్ చెయ్యి పట్టుకుంది.

"అందరూ ఉన్నారా అక్కా?"

"నావీ మూసే ఉన్నాయి మార్తా, నాకేం కనపడుద్ది?" అంది ఎలిజబెత్. "అడుగుల చప్పుడు విను. పోలీసోళ్లవి తప్ప ఇంకెవరివీ లేవు."