మంత్రిగారు ఉన్నన్ని రోజులు

కేంద్ర విద్యుత్ మంత్రి నరేందర్‌ను అక్క సరోజన ఊరు కదలనివ్వడం లేదు. సూర్యాపేటలో సమీక్ష ముగించుకుని, ఒక్క పూట అన్నం తిని పోదామని తిరుమలగిరి దారిలోని సొంత ఊరికి వచ్చిన మనిషి. మొదటి రోజు నాటుకోడి కోసింది. రెండో రోజు పొట్టేలు తలకాయ కూర. మూడో రోజు కూడా "రేపు పోదువు తియ్, తమ్మీ" అంది. కోదాడ సభ వాయిదా పడింది. మిర్యాలగూడ రైస్ మిల్లులవాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. ఆయనకు మాత్రం లోలోపల సంబరంగా ఉంది. పదవి వచ్చాక తొంగి చూడని తమ్ముడి మీద అక్కకు ఇంకా ఇంత ప్రేమ ఉందనుకోలేదు.

దేశమంతా బొగ్గు కొరత. ప్రతి ఊరికీ సమానంగా కోత, ఎవరికీ మినహాయింపు లేదని నెల కిందట చెప్పింది ఆయనే. ఇక్కడ మూడు రోజులుగా ఫ్యాను ఆగలేదన్న సంగతి మాత్రం గమనించలేదు. నీడపట్టున ఉన్నవాడికి ఎండ సంగతి ఏం గుర్తుంటుంది?

నాలుగో రోజు పొద్దున పక్క తండా నుంచి జమున వచ్చి వాకిట్లో నిలబడింది. చేతిలో అర్జీ కాగితమేమీ లేదు.

"సార్, మీరెప్పుడు పోతరు?"

పీఏ మధుసూదన్ బిత్తరపోయాడు. ఎందుకమ్మా అని నరేందర్ నవ్వుతూ అడిగాడు.

"మీరు గీడ ఉన్నన్ని రోజులు ఈ ఊరికి కరెంటు తీస్తలేరు. ఈ ఊరి కోత గూడ మా తండాకే ఏస్తున్నరు. మోటరు నడువక మూడు రోజులాయె. వరి పాలు పోసుకునే టైము సార్. ఇయ్యాల తడి పెట్టకుంటే మొత్తం తాలైతది."

నరేందర్ అక్క వైపు చూశాడు. సరోజన చాటలో బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. ఆమె రెండెకరాల వరి కూడా అదే అదనులో ఉంది. కోడి ఎందుకు కోసిందో ఆయనకు అప్పుడు తెలిసింది. సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ బాధేసింది.

"అక్కా, నీ మడి పారిందా?"

"సగం పారింది. మాపటిదాక నడిస్తే అయిపోతది."

ఆయన సబ్‌స్టేషన్‌కు తానే ఫోన్ చేశాడు. "మా ఊరి లైను తీసి తండాకియ్యండి. మూడు రోజుల కోత మాకెయ్యండి. నేనున్నా, లేకున్నా."

అవతలి ఇంజనీరు నమ్మలేక రెండుసార్లు అడిగాడు. కాసేపటికి ఫ్యాను నెమ్మదించి ఆగిపోయింది. చేను దిక్కు నుంచి వస్తున్న నీళ్ల చప్పుడూ ఆగింది. జమున దండం పెట్టి గబగబా వెళ్లిపోయింది.

సరోజన చాట తీసుకుని లోపలికి పోయింది. నరేందర్ బండి తియ్యమని చెప్పి చెప్పులు వేసుకున్నాడు.

"యాడికి?" అక్క గడపలో నిలబడి ఉంది, చేతిలో విసనకర్రతో.

"మిర్యాలగూడకు. ఇగ నేనుండి ఏం లాభం అక్కా, మోటరు ఆగిపాయె."

"మోటరు కోసమే ఉండుమన్న, అబద్ధమెందుకు." ఆమె కుర్చీ ఇవతలికి లాగింది. "ఇయ్యాల ఉత్తగనే ఉండు, తమ్మీ."

నరేందర్ చెప్పులు విప్పాడు. అక్క పక్కన కూర్చుని విసరసాగింది.